ఎడమ తుంటి మరక

పద్నాలుగేళ్లు అతని నిక్కర్లు ఉతికాను.
ఆట మాత్రం పట్టుమని పదిసార్లు చూసి ఉండను.
శనివారం మూడింటికి క్లఫ్టన్ ఊరు ఊరంతా మైదానం చుట్టూ మూగితే
నేను స్టాండు కింద బాయిలర్ గదిలో
రిజర్వు జట్టు మేజోళ్లకు జతలు వెతుకుతూ.

పైన కాళ్ల చప్పుడే నాకు స్కోరు.
మనవాళ్లు గోలు కొడితే
నెత్తిమీద చెక్కలు దడదడలాడి సున్నం రాలేది.
నెవిల్ హాక్స్‌వర్త్ బంతి లాక్కుంటే
ఏమీ వినిపించేది కాదు.
జరగబోయింది జరగకుండా పోయిందని
ఎవరు చప్పట్లు కొడతారు?

సోమవారం పొద్దున సంచి విప్పితే
ఆటంతా నా చేతుల్లోకి వచ్చేది.
ఫార్వర్డులకు వెనకవైపు మురికి,
పడిపోవడం వాళ్ల వృత్తిలో సగం.
గోలీకి మోచేతులు.
ఐదో నంబరు నిక్కరుకి ఎడమ తుంటి.
పైన గడ్డి పసరు, కింద పెన్నైన్ కొండల నల్ల బురద,
అప్పుడప్పుడూ నెత్తురు.
అందులో అతనిదెంతో ఎదుటివాడిదెంతో
సబ్బు అడగదు.
చల్లటి నీళ్లు, గుప్పెడు ఉప్పు, రాత్రంతా నానాలి.

డెబ్బై తొమ్మిది జనవరిలో కప్పు ఆట.
లండన్ నుంచి పెద్ద జట్టు,
మెత్తటి కోట్లు తొడుక్కుని దిగింది.
ఎనభై ఎనిమిది నిమిషాలు వాళ్ల సెంటర్ ఫార్వర్డుకి
ఊపిరాడనివ్వలేదట మావాడు.
మరుసటి నిమిషంలో
అడ్డం పెట్టిన కాలే బంతిని మన వలలోకి తోసింది.
ఆదివారం పేపర్లన్నీ అతన్ని ఉతికి ఆరేశాయి.
సోమవారం నేనూ అదే పని చేశాను,
కాస్త మెత్తగా.
ఆ నిక్కరు మీద ఒక్క మరక లేదు.
అంతసేపూ నిలబడే ఆడాడు.
ఎక్కడ నిలబడాలో తెలిసినవాడికి
పడాల్సిన పని ఉండదు.
ఏ పేపరూ ఆ మాట రాయలేదు.

ఎనభై ఆరు నవంబరులో మరక కుడివైపుకి మారింది.
బట్టలు తారుమారయ్యాయేమోనని నంబరు చూశాను.
అదే ఐదు.
మూడు వారాలు అదే కుడి తుంటి.
మేనేజరుకి తెలియదు, స్పాంజీ పట్టుకు పరిగెత్తే టామ్‌కీ తెలియదు.
ఎడమ మోకాలు పోయిందని
నాకూ నా తొట్టికీ తెలుసు.

బూట్లకి లేసులు కావాలని వచ్చాడొకనాడు.
తొట్టిలోకి చూశాడు, నన్ను చూశాడు.
"ఎవరికైనా చెప్పావా, డోరీన్?"
"బట్టలకి నోరుంటుందా?" అన్నాను.
నవ్వాడు. ఏప్రిల్ దాకా ఆడాడు.
ఆ మాటతో అతనికి ఒక చలికాలం ఇచ్చానో
మోకాలే తిన్నానో
ఇప్పటికీ తేల్చుకోలేను.

మే నెలలో రెండు వాక్యాల ఉత్తరం ఇచ్చారు.
నాలుగు వందల పన్నెండు ఆటలు,
నాలుగు గోళ్లు.
ఊరికి గుర్తున్నది ఐదోది.

ఇప్పుడు డ్రైవింగు నేర్పుతాడు.
అతని కాలి కింద ఇంకో బ్రేకు ఉంటుంది, నేర్చుకునేవాళ్లకి కనిపించదు.
నా మనవరాలు టామ్సిన్ గురువారాలు అతని దగ్గరికే వెళుతుంది.
నిన్న వానలో రౌండబౌటు దగ్గర
కారు ఉన్నట్టుండి ఆగిపోయిందట.
"ఆగాకగానీ నాకు లారీ కనిపించలేదు, అమ్మమ్మా.
ఆయన మాత్రం ఆవైపు చూడను కూడా చూడలేదు,
పిప్పరమెంటు చప్పరిస్తున్నాడు."
మరి తర్వాత, అన్నాను.
"తర్వాత ఏముంది, ఏమీ జరగలేదు."

కేటిల్ పట్టుకున్నదాన్ని అలాగే ఆగి
అలవాటు కొద్దీ తల పైకెత్తి చూశాను.
చెక్కలు లేవు, సున్నం లేదు.
మా వంటింటి పైకప్పు,
దాని మీద వాన.